బజారు కారం, గిర్ని కారం

ఎర్రగా నిగనిగలాడే కారం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరింటికైనా భోజనానికి వెళ్తే అందరూ కూర రంగు చూసి లొట్టలేస్తారు. నేను మాత్రం ఆ కారం ఎక్కడ తెచ్చారో, అందులో ఏం కలిసిందో అనుకుంటూ కూర్చుంటాను. మా పిల్లలు నా మొహం చూసి ఒకరినొకరు గిల్లుకుని నవ్వుకుంటారు. నవ్వుకోనీ. ఒక్క కారం డబ్బా మూలాన నేను పడ్డ మాటలు వాళ్లు పడలేదు కదా.

డెబ్బైల నాటి సంగతి. గౌలిపురలో ఒక సందులో రెండు గదుల ఇల్లు మాది. పక్కింటి బర్రెలు మా గోడకే ఒళ్లు రుద్దుకునేవి. ఇంట్లో మా ఆయన, మా అత్తమ్మ, నేను, ఇద్దరు పిల్లలు. మా ఆయన సర్కారు కార్ఖానాలో ఫిట్టరు. పొద్దున షిఫ్టుకు పోయి, సాయంత్రం వచ్చి, పెట్టింది తిని, ఉలుకూ పలుకూ లేకుండా పడుకునే మనిషి.

ఆ రోజుల్లో కారానికి మాలాంటి వాళ్లకు రెండే దారులు. ఒకటి, సందు మూల దుకాణంలో గోనెసంచి నిండా పోసి పెట్టిన బజారు కారం. పాత కాగితంలో పొట్లం కట్టి ఇచ్చేవాడు. చవక, చూడ్డానికి కుంకుమలా ఉండేది. రెండోది, నయాపూల్ దాకా పోయి ఎండుమిరపకాయలు ఏరి తెచ్చుకుని, మిద్దె మీద ఎండబెట్టి, తొడిమెలు తీసి, గిర్నిలో, అంటే పిండిమరలో, పట్టించుకోవడం. దీనికి ఖర్చు ఇంచుమించు రెట్టింపు. తొడిమెలు తీసిన రోజంతా చేతులు మండుతాయి. ఆ చేత్తో పొరపాటున చంటిపిల్లను ఎత్తుకున్నామంటే వాళ్ల ఏడుపూ మన ఏడుపూ ఒకటే అవుతుంది. ప్యాకెట్ల కారం కూడా అప్పుడప్పుడే దుకాణాల్లో కనిపిస్తుండేది. దాన్ని మేం కొనేవాళ్లం కాదు, చేతిలోకి తీసుకుని, వెనకా ముందూ తిప్పి చూసి మళ్లీ పెట్టేసేవాళ్లం.

మా అత్తమ్మ బజారు కారం పక్షం. “కారం కారమే గద పిల్లా. నోట్లెకు వోయినంక ఎవ్వడు జూస్తడు?” అనేది. నాకూ అప్పటికి పెద్ద పట్టింపేమీ లేదు. ఇంటి చాకిరీలో మిరపకాయలు ఎండబెట్టే తీరిక ఎవరికుంది?

మా ఆయనకు కడుపులో మంట మొదలయ్యాక పట్టింపు వచ్చింది. అన్నం తిన్న గంటకే ఛాతీ పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చునేవాడు. దవాఖానలో డాక్టరు మందులు రాసిచ్చి, బజారు కారం బంద్ చెయ్యమన్నాడు. అదే వారం పిల్లకు సూది వేయించడానికి వెళ్తే, అక్కడ ఒక టీచరమ్మ మా ఆడవాళ్లందరినీ కూర్చోబెట్టి గాజు గ్లాసులో నీళ్లు పోసి పైన చిటికెడు కారం చల్లి చూపించింది. మంచి కారం చాలాసేపు పైనే తేలుతుందట. ఇటుకపొడి కలిసి ఉంటే అది నేరుగా అడుగుకు పోతుందట, వేలితో రుద్దితే గరగరలాడుతుందట.

ఇంటికి రాగానే మా డబ్బాలోది వేసి చూశాను. గ్లాసు అడుగున పొరలా ఎర్రమట్టి పేరుకుంది. అత్తమ్మను పిలిచి చూపించాను. ఆమె గ్లాసును వెలుతురుకు పట్టి అటూ ఇటూ తిప్పి కింద పెట్టేసింది. ఇన్నేళ్లుగా నా మొగుడికి అన్నంలో గోడ కలిపి పెడుతున్నానని నాకు ఏడుపొచ్చింది. ఇక ఈ ఇంట్లోకి పొట్లం కారం రాకూడదని ఆ రోజే చెప్పేశాను. అత్తమ్మ వారం రోజులు సణిగింది కానీ, చివరికి నా మాటే నెగ్గింది.

గిర్ని మా సందు చివర ఉండేది. నడిపేది ఒక ముసలాయన. అందరం ఆయన్ని చాచా అనేవాళ్లం. ముక్కుకూ మూతికీ తెల్ల రుమాలు కట్టుకుని పనిచేసేవాడు. సాయంత్రానికి ఆ రుమాలూ, ఆయన కనుబొమ్మలూ ఎర్రగా అయిపోయేవి. ఆయన గిర్నికి ఒక పద్ధతి ఉండేది. ఆదివారం కారాలూ పసుపులే పట్టేవాడు, పిండి పట్టేవాడు కాదు. ఆడవాళ్లు పొద్దున్నే వచ్చి తమ డబ్బాలు గోడ పక్కన వరసలో పెట్టి ఇళ్లకు పోయి వంట చేసుకునేవాళ్లు. ఎవరూ కాపలా కూర్చునేవాళ్లు కాదు. ఒకరిది అయ్యాక ఆయన గుప్పెడు బియ్యం వేసి గిర్ని తిప్పి, ఆ పిండి పక్కకు తీసి, అప్పుడే రెండోవాళ్ల డబ్బా పోసేవాడు. డబ్బా ఎవరిదో మూత చూసి చెప్పేవాడు. మధ్యాహ్నం వెళ్తే మన కారం మన డబ్బాలో ఇంకా వెచ్చగా ఉండేది. చుట్టుపక్కల ఇంకా రెండు గిర్నీలున్నా జనం ఈయన దగ్గరికే వచ్చేవాళ్లంటే, ఆ కాపలా లేని వరస చూసే వచ్చేవాళ్లు. ఆయన బతుకంతా ఆ నమ్మకం మీదే నడిచేది.

మొదటి నెల నేను పట్టించి తెచ్చిన కారం చూసి ఇంట్లో ఎవరూ మెచ్చుకోలేదు. అసలైన కారం అంత ఎర్రగా ఉండదు, కాస్త మబ్బుగా ఉంటుంది. “గింత వెట్టి కొంటివి, రంగే లేదు,” అంది అత్తమ్మ. మా ఆయన కూడా కంచంలోకి చూసి, “కూరేంది తెల్లగున్నది?” అన్నాడు. మంచిది తెచ్చి పెట్టినందుకు కూడా సంజాయిషీ నేనే చెప్పుకోవాలి! అయినా ఓర్చుకున్నాను. ఎందుకంటే మా ఆయన ఛాతీ పట్టుకోవడం మానేశాడు.

రెండు నెలలు బాగానే గడిచాయి. మూడో నెలలో కూరకు రంగు వచ్చింది. మా ఆయన రెండోసారి వేయించుకుని తిన్నాడు. మిరపకాయల రకం మార్చాను కదా, అందుకే అనుకుని నేనూ మురిసిపోయాను. అంత తెలివిగలదాన్ని. వారం తిరక్కుండా ఆయన మళ్లీ గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

గ్లాసులో నీళ్లు పోసి డబ్బాలోంచి చిటికెడు వేశాను. సగం తేలింది, సగం అడుగుకు దిగింది. వేలితో రుద్దితే గరగర. నాకు ఒళ్లు తెలియలేదు. ఆ రోజు ఆదివారం. అదే గ్లాసు పట్టుకుని, చీర చెంగు కూడా సర్దుకోకుండా గిర్నికి నడిచాను. గోడ పక్కన ఇరవై డబ్బాల దాకా ఉన్నాయి. అప్పుడే డబ్బాలు పెట్టడానికి వచ్చిన ఆడవాళ్లు గుంపుగా నిలబడి మాట్లాడుకుంటున్నారు.

“నా మిరపకాయలు ఏం జేసినవ్ చాచా?” అన్నాను గ్లాసు ఆయన ముందు పెట్టి. “ఇగో జూడు అడుగున. మంచివి తీసి ఎవ్వరికి అమ్ముకుంటున్నవ్? మాకేమో ఇటుకపొడి పోస్తవా?”

ఆయన గిర్ని ఆపి, రుమాలు కిందికి లాగాడు. “బేటీ, ముప్పై ఏండ్లాయె గీ పని జేయబట్టి. ఎవ్వరి డబ్బల నేను చిటికెడు కలుపలే. ఖుదా కసం.”

“కసం తింటే ఇటుకపొడి పైకి తేలుతదా?” అన్నాను.

నేనే అన్నాను ఆ మాట. వెనక ఎవరో నవ్వారు. ఆయన రుమాలు మళ్లీ ముక్కు మీదికి లాక్కున్నాడు. ఒకావిడ వంగి తన డబ్బా తీసేసుకుంది, ఆమెను చూసి ఇంకొకావిడ. నేను ఇంటికి వచ్చి జరిగిందంతా గొప్పగా చెప్పుకున్నాను. అత్తమ్మ చాట మీంచి తల ఎత్తలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూనే ఉంది.

ఆ తర్వాతి ఆదివారాలు గిర్ని ముందు నుంచి పోతుంటే నాకు తేడా కనిపిస్తూనే ఉండేది. వరసలో డబ్బాలు ఐదో ఆరో ఉండేవి. వాటి పక్కనే వాటి మనుషులు ముక్కులు మూసుకుని, తుమ్ముకుంటూ కాపలా కూర్చునేవాళ్లు. మిగతా వాళ్లు వేరే గిర్నీలకు పోయారు. చాచా ఒట్టి గిర్ని పక్కన స్టూలు మీద కూర్చుని ఉండేవాడు. మోసానికి తగిన శాస్తి జరిగిందనుకున్నాను.

నేనూ పురానాపూల్ వైపు ఒక గిర్నికి పోవడం మొదలుపెట్టాను. మిరపకాయల సంచి నెత్తిన పెట్టుకుని అంత దూరం నడిచి, అక్కడే నిలబడి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నా కదలకుండా, గిర్నిలోంచి రాలే కారాన్ని చేతులతో డబ్బాలోకి ఎత్తి తెచ్చాను. ఇంటికి రాగానే గ్లాసులో వేశాను. మొత్తం పైనే తేలింది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

పది రోజులకు మా ఆయన చెయ్యి మళ్లీ ఛాతీ మీదికి పోయింది. డబ్బా తీసి గ్లాసులో వేశాను. సగం మునిగింది. కారం అదే, డబ్బా అదే. చాచా చెయ్యి మాత్రం దానికి తగల్లేదు.

రెండు రోజుల తర్వాత స్టవ్వులోకి గాసునూనె కోసం రేషన్ ఇచ్చే కంట్రోలు దుకాణానికి వెళ్తే ఆ పూట నూనె రాలేదన్నారు. తిట్టుకుంటూ తొందరగా వెనక్కి వచ్చాను. అత్తమ్మ వంటగదిలో నేల మీద కూర్చుని ఉంది. ముందు మా కారం డబ్బా, పక్కన విప్పిన కాగితం పొట్లం. పొట్లంలోది డబ్బాలో పోసి, గరిటె కాడతో కలిపి, డబ్బాను నేలకు మెల్లగా తట్టి మట్టం సరిచూసుకుంటోంది. ఒళ్లో చిన్న స్టీలు డబ్బా. దాని నిండా గిర్ని కారం.

నూనె సీసా గుమ్మంలోనే కింద పెట్టేశాను.

“ఏం జేస్తున్నవ్ అత్తమ్మా?” అన్నాను.

“జూస్తలేవా?” అంది. దొరికిపోయానన్న కంగారేమీ లేదు ఆమెలో.

“గా డబ్బ ఎవ్వరికి?”

“నా బిడ్డకు.”

ఆమె బిడ్డ అంటే మా ఆడపడుచు. పురానాపూల్‌లో ఇచ్చారు. మా ఇంట్లోనే పురుడు పోసుకుని, మూడో నెల చంటివాణ్ని ఎత్తుకుని అత్తగారింటికి పోయింది. అప్పటి నుంచి అత్తమ్మ వారం వారం బిడ్డను చూసి రావడానికి నడుచుకుంటూ పోయేది. చెంగు కింద ఏదో పట్టుకుపోతుందని నాకు తెలుసు. ఏ తినుబండారమో అనుకున్నాను.

“పసిపిల్లగానికి పాలిస్తది,” అంది అత్తమ్మ. “దాని అత్తగారింట్ల గా ఇటుకపొడే పెడ్తరు. గది తిని పాలిస్తే పిల్లగాడు ఆగం గాడా? నువ్వే గ్లాసుల ఏసి జూపిస్తివి గద నాకు.”

నేను చూపించిన ఆ గ్లాసును నా ఇంట్లో మనసుకు పట్టించుకున్న మనిషి ఆమె ఒక్కతేనని అప్పుడు తెలిసింది. నవ్వాలో నెత్తి కొట్టుకోవాలో అర్థం కాలేదు.

“మరి నీ కొడుకు కడుపు?” అన్నాను.

“వాడు పుట్టినకాంచి గదే తిన్నడు. వానికి అలవాటే.”

“నన్నడిగితే ఇయ్యకపోదునా?”

ఆమె నా వైపు చూసింది. “ఇస్తుంటివా?”

అప్పటి నా చిటపటలు గుర్తు చేసుకుంటే, ఇచ్చేదాన్ని కాదేమో. ఇచ్చినా పది మాటలు అని ఇచ్చేదాన్ని. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు. అయినా నాకు కోపం తగ్గలేదు. “చాచాను నేను అన్ని మాటలంటుంటే నువ్వెందుకు నోరు మూసుకున్నవ్?” అని అరిచాను. “నేను అనమన్ననా?” అంది ఆమె, పొట్లం కాగితాన్ని మడతపెడుతూ. మా ఆయనకు చెప్తే, “ఏదో ఒకటి జేసి లొల్లి బంద్ జెయ్,” అని అటు తిరిగి పడుకున్నాడు. ఆయన కడుపు కోసమే ఇదంతా చేసినందుకు నాకు దక్కిన మాట అది.

మర్నాడు మధ్యాహ్నం, గిర్ని దగ్గర ఎవరూ లేని వేళ చూసుకుని వెళ్లాను. చాచా స్టూలు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. నేను దగ్గరికి పోయి మెల్లగా, “తప్పయింది చాచా. నీ తప్పేం లేదని తెలిసింది. మాఫ్ జెయ్,” అన్నాను.

ఆయన చాయ్ కప్పు కింద పెట్టి గోడ వైపు చూపించాడు. అక్కడ ఒక్క డబ్బా కూడా లేదు.

“నువ్వు తిట్టిననాడు గీడ ఇరవై మంది ఉండె బేటీ. అందరు విన్నరు. ఇయ్యాల నీ మాఫీ ఎవ్వరు విన్నరు?”

ఆ మాటకు తల దించుకుని ఇంటికి వచ్చాను. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట కూడా కాదనడానికి లేదు. పది మంది ముందు తీసిన పరువు పది మంది ముందే తిరిగి ఇవ్వాలి.

“ఐతారం నాతోని రా అత్తమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్దాం,” అన్నాను. ఆమె ససేమిరా అంది. “గిర్ని కాడ నిలవడ్డోళ్లల్ల సగం మందికి పురానాపూల్ల చుట్టాలున్నరు. అత్తగారింటి తిండి బాగలేదని తల్లి డబ్బలు మోస్తున్నదని తెలిస్తే, నా బిడ్డను ఆడ బతుకనిస్తరా?” అని చెంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ కన్నీళ్లు మాత్రం నిజమైనవే. ఆ మాటా నిజమే. నాలుగు రోజులు ఎటు తిప్పి చూసినా నాకు ఒక్క దారే కనిపించింది, ఆ దారి తలుచుకుంటేనే మంటగా ఉండేది.

ఆదివారం మిరపకాయల డబ్బా తీసుకుని బయల్దేరాను. పిలవకుండానే అత్తమ్మ చెప్పులేసుకుని వెంట వచ్చింది. నేను ఏం చెప్తానో అన్న భయం. చాచా గిర్ని ముందు ఎనిమిది మంది దాకా ఉన్నారు. నేను రోడ్డు మీద పోయే మరో నలుగుర్ని కూడా కేకేసి పిలిచాను.

“అందరు వినుండ్రి. చాచా తప్పేం లేదు. ఆయన మంచి కారమే ఇచ్చిండు. కల్తీ మా ఇంట్లనే అయింది.”

“మీ ఇంట్లనా? ఎవ్వరు గలిపిన్రు?” అని ఒకావిడ అడిగింది.

నా పక్కన అత్తమ్మ నా చెంగు గట్టిగా పట్టుకుంది.

“నేనే గలిపిన,” అన్నాను.

ఇక నవ్వులే నవ్వులు. “ఇంట్ల ఇటుకపొడి గలిపి, గిర్నాయన మీదికి లొల్లికొస్తివా?” “మొగనికి తెల్వకుంట మిగులవెట్టుకుందామనుకున్నవా అక్కా?” ఎవరి నోటికి వచ్చింది వాళ్లు అన్నారు. అక్కడితో ఆగినా సరిపోయేది. మా అత్తమ్మ ముందుకు వచ్చి, చెంగు భుజాల చుట్టూ కప్పుకుని, పెద్దరికంగా చేతులు జోడించింది.

“చిన్నది, తెల్వక జేసింది. పొదుపు జేస్తున్న అనుకున్నది పాపం. జర పెద్ద మనసు జేసుకోండ్రి,” అంది.

నా తరఫున క్షమాపణ! ఆమె! నా చేతిలో డబ్బా ఉంది కాబట్టి సరిపోయింది కానీ, చేతులు ఖాళీగా ఉంటే ఏం చేసేదాన్నో నాకే తెలియదు. చాచా రుమాలు కిందికి లాగి, మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “అందరు విన్నరు గద?” అన్నాడు ఆడవాళ్లతో. నా డబ్బా తీసుకుని వరసలో అన్నింటికంటే చివర పెట్టాడు. రెండు మూడు నెలల్లో ఆ గోడ పక్కన వరస మళ్లీ నిండింది. కాపలా కూర్చోవడం మానేశారు. సందులో నాకు మాత్రం ‘ఇటుకపొడి కోడలు’ అనే పేరు మిగిలింది.

ఆ నెల నుంచి మిరపకాయలు ఎక్కువ తెచ్చి రెండు డబ్బాలు పట్టించాను. ఒకటి మాకు, ఒకటి పురానాపూల్‌కు. ఎండబెట్టేది నేను, తొడిమెలు తీసేది నేను, తీసుకుపోయి ఇచ్చేది అత్తమ్మ. మా ఆయన కడుపు కుదుటపడింది.

కొన్నేళ్ల తర్వాత మా ఆడపడుచు కొడుకును తీసుకుని నాలుగు రోజులుండటానికి వచ్చింది. వాడు అప్పటికి బడికి పోతున్నాడు, దిట్టంగా ఉన్నాడు. అందరం కింద కూర్చుని తింటున్నాం. అత్తమ్మ వడ్డిస్తోంది. నాలుగు ముద్దలు తిన్నాక ఆడపడుచు నా వైపు తిరిగింది.

“వదినె, ఏమనుకోకు గని ఒకటడుగుత. మస్తు దినాల సంది మనసుల ఉన్నది. మా అన్న కడుపుమంటతోని అంత తిప్పలవడ్తుంటే, నీకు ఇటుకపొడి గలుప బుద్ధెట్లయింది? మా అమ్మను జూడు. గంత దూరం నడుసుకుంట వచ్చి వారం వారం నాకు మంచి కారం ఇచ్చిపోతుండె. గది తిని పాలిచ్చిన గనుకనే నా కొడుకు గిట్లున్నడు.”

అత్తమ్మ చేతిలో గరిటె గిన్నెలోనే ఆగిపోయింది. తల ఎత్తలేదు. చెప్పాల్సిన మాటలన్నీ నా నాలుక మీదికి వచ్చేశాయి, ఎండలో కూర్చుని తీసిన తొడిమెలతో సహా. నోరు తెరిచాను. పిల్లాడు ఇంకాస్త కూర కావాలని కంచం ముందుకు జరిపాడు.

“తప్పయింది,” అన్నాను.

గరిటె మళ్లీ కదిలింది.